పళ్లు దారికి వచ్చాయి, కాని...

నా పళ్లకు వేసిన క్లిప్పులు తీసేనాడు నేను పట్టుచీర కట్టుకొని వెళ్లాను. శ్రావణ శుక్రవారం గనుక కట్టుకొన్నానని ఇంట్లో చెప్పాను గాని, అసలు కారణం అది కాదు. పళ్ల డాక్టరు దగ్గరకు పట్టుచీర కట్టుకొని వెళ్లేవారెవరైనా ఉంటారా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఈ నాలుగు మాటలూ నవ్వును గురించే.

2022 జూన్‌లో, నా నలభైరెండో ఏట, క్లిప్పులు వేయించుకొన్నాను. 2024 ఆగస్టులో తీశారు. నడుమ ఇరవైఆరు నెలలు. "పిల్లలకు వేసే క్లిప్పులు నీకెందుకే?" అని మా అక్క ఎగతాళి చేసింది. కాలేజీలో విద్యార్థినులు గుసగుసలాడుకొన్నారు. వారిలో ఒక పిల్ల నోట్లోనూ అవే తీగలు! "మేడమ్, మీకూ నొప్పి పుడుతోందా?" అని ఆ పిల్ల అడిగిననాడు మాకిద్దరికీ ఏదో చుట్టరికం కలిసినట్లయింది. పైన రెండు, కింద రెండు మంచి పళ్లు పీకించుకొన్నాను. జంతికలు, చెరకుముక్కలు, వేరుసెనగ ఉండలు, దోరజామకాయలు అన్నీ మానేశాను. తీగను పట్టి ఉంచే రబ్బరు చుట్లు నెల మొదట్లో తెల్లగా ఉండేవి. పులుసులోని పసుపు తగిలి నెలాఖరుకు ముత్తయిదువ పాదాల్లా పచ్చబడేవి.

ఇంత తపస్సు ఎందుకు చేశానో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి.

చిన్నతనం నుంచీ నావి ఎత్తుపళ్లు. పై పెదవికి వాటిని కప్పే శక్తి ఉండేది కాదు. బడిలో నాకొక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. మా నాన్నగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. మేము ముగ్గురం ఆడపిల్లలం. పళ్లు సరిచేయించవచ్చుననే ఆలోచన మా ఇంటి గడప తొక్కలేదు. అందుకని నాకు నేనే ఒక వైద్యం కనిపెట్టుకొన్నాను. నవ్వు వస్తే ఎడమ అరచేయి నోటికి అడ్డం పెట్టుకోవడం. చేతిలో పుస్తకముంటే పుస్తకం, లేకపోతే పైటచెంగు. ఫొటో తీసేటప్పుడు పెదవులు బిగించడం.

పెళ్లిచూపులనాడు మా మేనత్త చెవిలో చెప్పింది: "అడిగినదానికి జవాబు చెప్పు. పాట పాడమంటే పాడు. నవ్వకు మాత్రం." నేను నవ్వలేదు. ఈ అమ్మాయి చాలా గంభీరమైన మనిషి అని మావారు అనుకొన్నారట. అసలు సంగతి పెళ్లయిన నెలకు గాని వారికి తెలియలేదు.

ఎం.ఏ. తెలుగు చదివి అధ్యాపకురాలినయ్యాక ఇబ్బంది ఇంకా ముదిరింది. నాయిక పలువరుస కనిపిస్తే మన ప్రబంధకవులు ఊరుకోరు గదా! మల్లెమొగ్గలంటారు, ముత్యాలంటారు, దానిమ్మగింజలంటారు. 'కుందరదన' అంటే మొల్లమొగ్గలవంటి పలువరుస గలది అని అర్థం చెబుతూ, ఏళ్ల తరబడి నేను పుస్తకం వంక చూశానే గాని, ఎదుట కూర్చొన్న పిల్లల ముఖాల వంక చూడలేదు.

అందుచేత, క్లిప్పులు తీసేనాటికి నా మనస్సులో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. డాక్టరుగారు అద్దమిస్తారు. అందులో వేరే మనిషి కనిపిస్తుంది. ఆమె నోరారా నవ్వుతుంది. అంతటితో కథ సుఖాంతం.

అద్దంలో కనిపించినది

డాక్టరుగారు పట్టుకారుతో ఒక్కొక్క క్లిప్పునే నొక్కి తీస్తుంటే, లేత బెండకాయ కొన తుంచినట్లు చప్పుడయింది. జిగురు గీకి, పళ్లు శుభ్రం చేసి, అద్దం చేతికిచ్చారు.

పళ్లు తిన్నగా ఉన్నాయి. అందులో సందేహం లేదు. కాని అవి నా పళ్లలాగా లేవు. మరీ పెద్దవిగా కనిపించాయి. నాలుకకు తడిసిన గచ్చులాగా జారిపోతున్నాయి. చిగుళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండు కోరపళ్లమీద సుద్దతో గీసినట్లు తెల్లని మచ్చలు. కింది ముందుపళ్లు రెండింటి నడుమ, చిగురు దగ్గర, చిన్న నల్లని ముక్కోణం.

"ఇవేమిటి డాక్టరుగారూ?" అన్నాను, గొంతులో కంగారు దాచుకొంటూ.

ఆయన ఓపికగా చెప్పారు. చిగుళ్ల వాపు శుభ్రంగా తోముకొంటే కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. తెల్లమచ్చలు క్లిప్పుల చుట్టూ బ్రష్షు అందనిచోట పాచి నిలవడం వల్ల వచ్చినవి. ఆ పాచిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లం, పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. క్లిప్పులు తీసిన తొలి నెలల్లో లాలాజలమూ, ఫ్లోరైడు పేస్టూ కలిసి ఆ నష్టాన్ని కొంత పూడుస్తాయి. కొన్ని మచ్చలు మాత్రం ఉండిపోతాయి.

నల్లని ముక్కోణం సంగతి వేరు. అది జబ్బు కాదు. పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నన్నాళ్లు ఆ ఖాళీ మరుగున ఉంటుంది. వరుసలోకి వచ్చేసరికి బయటపడుతుంది. దీన్ని గురించి టార్నో అనే అమెరికా దంతవైద్యుడూ, ఆయన సహచరులూ 1992లో ఒక లెక్క ప్రకటించారు. రెండు పళ్లు ఒరుసుకొనే చోటు నుంచి లోపలి ఎముక అంచు వరకు 5 మిల్లీమీటర్లు గాని, అంతకు తక్కువ గాని ఉంటే చిగురు ఆ సందును దాదాపు ఎప్పుడూ నింపుతుంది. 7 మిల్లీమీటర్లుంటే, నూటికి పాతిక ముప్ఫై చోట్ల మాత్రమే నింపుతుంది. వయస్సుతో ఎముక అంచు దిగజారినవారికి ఈ దూరం పెరుగుతుంది. ఆ విధంగా, పదిహేనేళ్ల పిల్లకు రాని ముక్కోణం నాకు వచ్చింది.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని ఆయనమీద కోపం వచ్చింది. ఇంటికి వచ్చి పాత కాగితాలు తీసి చూస్తే, అందులో రాసే ఉన్నది. కింద నా సంతకమూ ఉన్నది. సంతకం చేసేటప్పుడు నేను పట్టుచీర సంగతి ఆలోచిస్తున్నాను కాబోలు!

సోమవారం కాలేజీకి వెళ్లాను. మా గదిలో కలకలం పుడుతుందనుకొన్నాను. పక్క కుర్చీలోని లెక్చరరు నన్ను ఎగాదిగా చూసి, "ఏమండీ, ఒళ్లు తగ్గారు!" అన్నారు. అటెండరు టీ పెడుతూ, "కళ్లజోడు మార్చారా మేడమ్? ముఖం తేటగా ఉంది" అన్నాడు. ఇంట్లో మావారైతే పత్రిక చదువుకొంటూనే, "బాగున్నాయి" అన్నారు. పళ్లా, వార్తలా అన్నది నేను అడగలేదు.

నలభైయేళ్లుగా లోకమంతా నా పళ్లనే చూస్తున్నదని భయపడి బతికాను. తీరా చూస్తే లోకం తన పనిలో తాను ఉన్నది. ఇది తెలిసి ముందు చిన్నబుచ్చుకొన్నాను. ఆ రాత్రి మాత్రం, ఎవరూ వెతకని దొంగలాగా ఇన్నేళ్లు దాక్కొన్నాను గదా అని దుఃఖం వచ్చింది.

ఆ క్లిప్పుల పిల్ల ఒక్కతే వరండాలో పరుగెత్తుకొని వచ్చి, "తీసేశారా మేడమ్! ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుంది" అన్నాను. అది పూర్తి జవాబు కాదు. పూర్తి జవాబు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

పన్ను పాతదారి మరువదు

పన్ను దవడ ఎముకలో మేకులాగా దిగి ఉండదు. దాని వేరుకూ ఎముకకూ నడుమ నారలపొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు అయిదోవంతు. తీగ పంటిని ఒకవైపుకు నెడుతుంటే, ఆ వైపు ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి. వెనుక ఖాళీ అయిన చోట మరికొన్ని కణాలు కొత్త ఎముక కడతాయి. పన్ను ఆ విధంగా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఇల్లు మారుతుంది.

కాని ఇల్లు మారినంతలో పాత ఇంటిమీద మమకారం పోతుందా? చిగుళ్లలోని సాగే నారలు పంటిని వెనక్కు లాగుతూనే ఉంటాయి. అవి సర్దుకొనేసరికి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు పైన పడుతుంది. ఇదిగాక, క్లిప్పుల మాట ఎరుగనివారికి కూడా వయస్సుతో కింది ముందుపళ్లు ఇరుకున పడడం సహజమే.

ఈ వైద్యం చరిత్ర చదువుతుంటే నాకు కొంత ఊరట కలిగింది. పెద్ద పెద్ద వైద్యులు కూడా నాలాగే ఆశపడి, నాలాగే సర్దుకొన్నారు. ఫ్రాన్సులో పియేర్ ఫొషార్ 1728లో ప్రకటించిన గ్రంథంలోనే లోహపు పట్టీకి పళ్లను దారంతో కట్టి వరుసకు తెచ్చే పద్ధతి ఉన్నది. అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో వంకరపళ్లను తరగతులుగా విభజించి దీన్నొక శాస్త్రంగా నిలబెట్టాడు. పళ్లు పీకడమంటే ఆయనకు గిట్టదు. అన్ని పళ్లనూ ఉంచి సరిగా అమర్చితే అవే నిలుస్తాయని ఆయన నమ్మకం. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ ఆ ప్రకారమే చేశాడు. కొంతకాలానికి తాను సరిచేసిన పళ్లే మళ్లీ చెదరడం చూశాడు. అప్పుడు గురువుగారి మాట కాదని, నాలుగు పళ్లు తీసి చోటు చేసే పద్ధతికి మొగ్గాడు. నా నోట్లో జరిగినది అదే.

మరి చోటు చేస్తే పళ్లు నిలిచాయా? సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు ఆ విధంగా పళ్లు తీయించుకొని సరిచేయించుకొన్న 65 మందిని, వైద్యం ముగిసిన పదేళ్లకు పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు మూడింట రెండువంతుల మందిలో కింది ముందువరుస సంతృప్తికరంగా లేదు. ఇరవైయేళ్ల నాటి ఫలితాలు 1988లో వచ్చాయి. అవి ఇంకా నిరాశగా ఉన్నాయి. ఎవరి పళ్లు నిలుస్తాయో, ఎవరివి నిలవవో ముందుగా చెప్పగల గుర్తేదీ వారికి దొరకలేదు.

అందుకే, తీగలు తీసిన తర్వాత పళ్లను ఉన్నచోట నిలిపి ఉంచే రిటైనర్ అనే పలకను చాలాకాలం, వీలైతే జీవితాంతం, రాత్రిపూట పెట్టుకోమని ఈనాటి వైద్యులు చెబుతారు. ఇరవైఆరు నెలలతో తీరిపోతుందనుకొన్న పని అసలు అప్పుడే మొదలయిందన్నమాట.

అత్తగారి పెట్టె, నా పెట్టె

నాకు కింది పళ్ల వెనుక సన్నని తీగ ఒకటి అంటించారు. పై వరుసకు తీసి పెట్టుకొనే పలక ఇచ్చారు. తొలి ఆరునెలలు భోజనానికీ, పళ్లు తోముకోవడానికీ తప్ప తీయరాదు, తర్వాత రాత్రులు. వేడినీళ్లతో కడిగితే వంకర పోతుంది. పెట్టెలో తప్ప మరెక్కడా పెట్టరాదు.

మా అత్తగారివి కట్టుడుపళ్లు. ఇప్పుడు మా ఇంట్లో ఆవిడ పెట్టె, నా పెట్టె ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. రాత్రి కాగానే ఆవిడ తీసి పెట్టెలో పెడతారు. నేను పెట్టెలోంచి తీసి పెట్టుకొంటాను. "నీకు పళ్లుండీ పెట్టె తప్పలేదు గదే!" అని ఆవిడ ఒకనాడు ఎంత నవ్వారో చెప్పలేను. దాచిపెట్టుకోవడానికేమీ లేని నవ్వు అది.

పలకతో మొదటివారం పాఠం చెప్పడం ఒక ప్రహసనం. ఆ రోజు పాఠం దంత్య చకార జకారాలు. చిలుక, చెట్టు, జీడి అన్నప్పుడు పలికే చ, జలు వేరు. చాప, చుక్క, జడ అన్నప్పుడు పలికేవి వేరు. ఈ రెండో జాతి వాటికి నాలుక కొన ముందుపళ్ల వెనుక ఆనాలి. అక్కడేమో నా పలక ఉన్నది! "చుక్క" అనబోతే థకారమో సకారమో తెలియని ధ్వని ఒకటి బుస్సుమని వచ్చింది. తరగతి అంతా గొల్లుమన్నది. నాకూ నవ్వు ఆగలేదు. సంగతి చెప్పి, పలక తీసి పెట్టెలో పెట్టి, మళ్లీ పలికి చూపించాను. దంత్యమంటే ఏమిటో ఆ పిల్లలు జన్మలో మరవరు. గదిలో గట్టిగా పుస్తకం చదువుకోగా పది రోజుల్లో నాలుక దారి తెలుసుకొన్నది.

ఇక నా అజాగ్రత్త. ఆ మార్గశిరంలో దగ్గర బంధువుల పెళ్లి. భోజనానికి కూర్చొంటూ పలక తీశాను. పెట్టె ఇంట్లో మరిచాను. కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. పెరుగన్నం తిని విస్తరి మడిచి, పక్కనున్నావిడతో మాట్లాడుతూ లేచాను. చేయి కడుక్కొని వచ్చేసరికి పంక్తి అంతా ఎత్తేశారు. మావారు, నేను, ఇద్దరు కుర్రవాళ్లు కలిసి కల్యాణమండపం వెనుక ఎంగిలాకుల గుట్టను కర్రలతో కెలికాము. ఆ రోజు కూడా నా ఒంటిమీద పట్టుచీరే! పలక దొరకలేదు.

సిగ్గుపడి డాక్టరుగారి దగ్గరకు వెళ్లడానికి మూడు వారాలు ఆలస్యం చేశాను. ఆయన కొత్త అచ్చు తీసి పాత అచ్చు పక్కన పెట్టారు. పై వరుసలో పక్కపన్ను ఒకటి వెంట్రుకవాసి తిరిగింది. కోపపడతారనుకొన్నాను. ఆయన కోపపడలేదు. "ఇంతవరకే గనుక సరే. ఇకమీద పెట్టె మరవకండి" అన్నారు. ఆ వెంట్రుకవాసి వంకర ఇప్పటికీ ఉన్నది. నాకూ, ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకూ తెలిసింది.

పిల్లలకు క్లిప్పులు వేయించబోయే తల్లిదండ్రులకు నా అనుభవంతో రెండు మాటలు చెబుతాను. ఎన్నాళ్లకు తీస్తారని అందరమూ అడుగుతాము. తీసిన తర్వాత ఏమి చేయాలని కూడా మొదటిరోజే అడగండి. రిటైనర్ ఖర్చు లెక్కలో చేరిందా, పోతే మళ్లీ ఎంతవుతుంది, ఎన్నాళ్లకొకసారి చూపించుకోవాలి, ఇవన్నీ తెలుసుకోండి. క్లిప్పులున్నన్నాళ్లు పిల్ల పళ్లు తోముకొనేటప్పుడు పక్కన నిలబడండి. ఆ తెల్లమచ్చల విలువ అప్పుడే తెలియాలి. తీసిననాడు అద్దంలో దేవకన్య కనిపించకపోతే తొందరపడి వైద్యుణ్ణి నిందించకండి. కొద్ది వారాలు ఆగండి. వాపు తీసి, కన్ను అలవాటు పడిన మీదట అవి తన పళ్లే అనిపిస్తాయి. నాకు రెండు నెలలకు అనిపించింది.

నా ఎడమ చేయి

ఇక క్లిప్పుల పిల్లకు నేను చెప్పని జవాబు.

క్లిప్పులు తీసిన ఆరునెలలకు ఒక ఆదివారం రాత్రి అందరమూ భోజనాలు చేస్తున్నాము. మావారు తమ ఆఫీసులో జరిగిన సంగతేదో చెబుతున్నారు. నేను నవ్వాను. మా అమ్మాయీ నవ్వింది. ఎదురుగా కూర్చొన్న మా అత్తగారు, "ఏమే, తల్లీకూతుళ్లిద్దరూ ముక్కు మూసుకొంటారేం? కూర గాని చెడిందా?" అన్నారు.

చూసుకొంటే నా ఎడమ చేయి నోటిమీద ఉన్నది. మా అమ్మాయి ఎడమ చేయీ దాని నోటిమీద ఉన్నది.

నా చేతి సంగతి నాకు తెలుసు. తీగ వేసి లాగినది పళ్లను గాని చేతిని కాదు గదా! దానికి ముప్ఫైయయిదేళ్ల అలవాటు. కాని మా అమ్మాయికేమయింది? దానికి పదహారేళ్లు. దాని పళ్లు వాళ్ల నాన్న పోలిక. ప్రబంధకవులు చూస్తే సీసపద్యం రాసేటంత చక్కని పలువరుస.

"నువ్వెందుకే నోరు మూసుకొంటావు?" అన్నాను.

అది తెల్లబోయింది. "ఏమో అమ్మా. నవ్వేటప్పుడు అలాగే పెట్టుకోవాలి గదా? నువ్వు ఎప్పుడూ అలాగే గదా నవ్వుతావు?"

నా గొంతులో ముద్ద దిగలేదు. ఎత్తుపళ్లు దానికి రాలేదని పుట్టిననాటి నుంచీ దేవుడికి దణ్ణం పెట్టుకొంటున్నాను. పళ్లు రాలేదు గాని, వాటిని దాచుకొనే చేయి మాత్రం నానుంచి దానికి వచ్చింది. నేను నేర్పకుండానే నేర్చుకొన్నది.

క్లిప్పులు పళ్లను వరుసలో పెట్టాయి. వాటి పని అంతే. అది అవి చక్కగా చేశాయి. ఇన్నేళ్ల నవ్వులను అవి తిరిగి ఇస్తాయని నేను అనుకోవడం వాటి తప్పు కాదు. పళ్లు రోజూ పాతచోటికి పోజూస్తాయి. రోజూ రాత్రి పలక పెట్టి ఆపాలి. చేయి కూడా అంతే. దానికి పలక లేదు గనుక, మేమే ఒక ఏర్పాటు చేసుకొన్నాము.

మా అత్తగారి తాంబూలపు డబ్బా ఒకటి ఖాళీగా ఉన్నది. నవ్వేటప్పుడు ఎవరి చేయి నోటికి వెళితే వారు అందులో ఒక రూపాయి వేయాలి. న్యాయాధిపతి మా అత్తగారు. ఆవిడ కళ్లకు శుక్లాల ఆపరేషను అయింది గనుక ఏదీ దాచలేము. మొదటినెలలో డబ్బా నిండింది. ఈ మధ్య నిండడం తగ్గింది.

పోయిననెల లెక్క నిన్న రాత్రి తీశాము. మొత్తం నలభైమూడు రూపాయలు. అందులో మా అమ్మాయివి నాలుగు. తక్కిన ముప్ఫైతొమ్మిదీ నావే.